చెక్క ఓడ కడదాం - నాలుగో పాఠం: పలకలు తొడగడం

పోయిన పాఠంలో కీల్ (బోటు అడుగున పొడవునా ఉండే దూలం) మీద పదకొండు ఫ్రేములు (పక్కటెముకల్లాంటి అడ్డ చెక్కలు) నిలబెట్టి ఆపాం. ఇప్పుడు మీ బల్ల మీద ఉన్నది తిని వదిలేసిన చేప ముల్లులా ఉండాలి. ఇంట్లో ఎవరో ఒకరు ఈపాటికి "ఓడ అన్నావు, ఏదీ?" అని అడిగే ఉంటారు. పలకలు పడితే ఆ గొడవ వదులుతుంది.

కొత్తగా చేరినవాళ్ల కోసం: మనం కడుతున్నది విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వరసగా కట్టేసి ఉండే చెక్క మరబోటుకి చిన్న నమూనా. ఆ బోటుని జాలర్లు సోనా బోటు అంటారు. అసలుది 13 మీటర్లు అనుకుని 1:40 స్కేల్లో గీశాం కాబట్టి మనది 325 మిల్లీమీటర్లు వస్తుంది. మూడు తెరచాప కొయ్యలు, డెబ్బై ఫిరంగులు ఉన్న యుద్ధనౌకతో మొదలుపెడదామని చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది. అది ఇప్పుడు అటక మీద ఉంది.

ముందు ఒక చిన్న ప్రయోగం. 1.5 మిల్లీమీటర్ల మందం, 6 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పైన్ పలక ఒకటి చేతిలోకి తీసుకోండి. మందం వైపు వంచండి, వింటిబద్దలా వంగుతుంది. ఇప్పుడు బల్ల మీద పరిచి, వెడల్పు వైపు, అంటే పక్కకి, అరటికాయలా వంచి చూడండి. వంగదు. ఇంకా బలం పెడితే ఒక అంచు లేచి మెలిక పడుతుంది, లేదా ఫట్టుమంటుంది. ఈ పాఠంలోని తతంగమంతా ఈ ఒక్క మొండితనం వల్లే. బోటు నడుము దగ్గర లావు, ముక్కు దగ్గర సన్నం. ఒకే వెడల్పున్న పలకలు వరసగా అంటించుకుంటూ పోతే ముక్కు దగ్గరికి వచ్చేసరికి చోటు చాలదు, పలక పక్కకి వంగాల్సి వస్తుంది. అది ఒప్పుకోదు. అందుకే పలకని వంచే ముందు దాన్ని కోయాలి.

ఎలా కోయాలో పెద్ద బోట్లే చూపిస్తాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రోజుల్లో రిపేరు కోసం బోట్లు గట్టెక్కుతాయి. నీళ్లలో మునిగి ఉండే భాగం అప్పుడే కంటికి కనిపించేది. పాత రంగు గీకేసిన బోటు దొరికితే ముక్కు దగ్గర నిలబడి, ఒక్క పలకని పట్టుకుని వెనక్కి చూపు సాగించండి. ముక్కు దగ్గర సన్నగా మొదలై, నడుముకి వచ్చేసరికి వెడల్పై, మళ్లీ మారుతుంది. సందుల్లో నూలు కూరి ఉంటుంది. కొన్ని బోట్లకి పైన ఫైబర్ పూత వేసేస్తున్నారు, వాటిలో పలకల గీతలు కనిపించవు, పక్కదానికి వెళ్లండి. ఫొటో తీసుకునేటప్పుడు పనిచేస్తున్న వడ్రంగిని ఒక మాట అడగండి. అక్కడ ఉన్న గంటలో నేర్చుకునేది నా నాలుగు పాఠాలకి సమానం.

సరే, బల్ల దగ్గరికి వద్దాం.

ఫ్రేముల అంచులు ఇప్పుడు నిలువుగా కోసినట్టు ఉన్నాయి. ముక్కు వైపు ఫ్రేముల మీద పలక ఏటవాలుగా వస్తుంది కాబట్టి అంచులో ఒక మూలకే తగులుతుంది. గమ్ పట్టడానికి ఆ మూల చాలదు. అంచుని పలక వాలుకి తగ్గట్టు అరగదీయాలి. ఒక చదునైన కర్రకి 120 నంబరు సాండ్ పేపర్ అంటించండి. కర్ర ఎప్పుడూ మూడు ఫ్రేముల మీద పడేంత పొడవుండాలి. ఒక్కో ఫ్రేముని విడిగా రుద్దితే గుంతలు పడతాయి. మధ్యమధ్యలో ఒక పలకని ఆనించి చూడండి. పలక కింద వెలుతురు కనిపించినంత కాలం పని మిగిలే ఉంది. దీనికి రెండు సాయంత్రాలు పడుతుంది. విసుగ్గానే ఉంటుంది, కానీ ఎగ్గొట్టకండి.

ఇప్పుడు కొలతలు. సన్నని కాగితం పట్టీ తీసుకుని నడిమి ఫ్రేము మీద డెక్ అంచు నుంచి కీల్ దాకా చుట్టి, గుర్తు పెట్టి, స్కేలు మీద చూడండి. నాకు 84 మిల్లీమీటర్లు వచ్చింది. పలక వెడల్పు 6. అంటే ఒక పక్కకి 14 పలకలు. ఈ 14 అన్న అంకె గోడ మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే ప్రతి ఫ్రేము దగ్గరా పడాల్సినవి ఆ 14 పలకలే. ముక్కు దగ్గర మొదటి ఫ్రేము 56 వచ్చింది. 56ని 14తో భాగిస్తే 4. కాబట్టి నడుము దగ్గర 6 ఉన్న పలక ముక్కు దగ్గరికి 4 అయ్యేలా సన్నబడాలి. మధ్యలో ఉన్న ఫ్రేములకీ ఇదే లెక్క వేసి, ప్రతి ఫ్రేము అంచు మీద పెన్సిల్‌తో విభజన గీతలు పెట్టేయండి. పలకని అసలు వెడల్పులో సగానికంటే తగ్గించకూడదు. మనకి సగం అంటే 3, ఇక్కడ 4 వచ్చింది, బతికిపోయాం. మీ లెక్కలో 3 కంటే తక్కువ వస్తే ముక్కు దగ్గర రెండు పలకల బదులు ఒకటే ముందుకి వెళ్లేలా చేయాలి.

వెనక వైపు కథ తిరగబడుతుంది. చివరి ఫ్రేము దగ్గర నాకు 91 వచ్చింది. 14 పలకలు 84నే కప్పుతాయి. మిగిలిన 7 మిల్లీమీటర్లు ఖాళీ. పలకల్ని సాగదీయలేం కదా. వాటిని వాటి దారిన పోనిచ్చి, చివర్లో తెరుచుకున్న సందులో కోసుగా చెక్కిన ముక్క దూర్చాలి. చీరకి కుచ్చిళ్లు ఎక్కడ పెట్టాలో చీరే చెబుతుందంటుంది మా అమ్మ. ఇదీ అంతే.

పలకని సన్నం చేయడానికి స్టీలు స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో కోయండి, తర్వాత చిన్న చిత్రికతో అంచు సరిచేయండి. ఎడమకీ కుడికీ రెండు పలకలు ఒకేసారి జతగా పట్టుకుని చిత్రిక పడితే రెండూ ఒకేలా వస్తాయి.

ఇక వంపు. పలకని రాత్రంతా నానబెట్టాలని కొందరు చెబుతారు. చెక్కని వంచేది నీళ్లు కాదు, వేడి. నారల్ని కలిపి పట్టి ఉంచే లిగ్నిన్ వేడికి మెత్తబడుతుంది, చల్లారితే మళ్లీ బిగుస్తుంది. తడి ఆ పనికి సాయం చేస్తుంది, అంతే. పావుగంట వేడి నీళ్లలో ఉంచి, ఇస్త్రీ పెట్టె అంచుకో, వేడి సోల్డరింగ్ ఐరన్ కాడకో ఆనిస్తూ మెల్లగా వంచండి. ఆ తర్వాత బట్టల క్లిప్పులతో ఫ్రేముల మీదే బిగించి, గమ్ లేకుండా, రాత్రంతా వదిలేయండి. తడి పలక వెడల్పులో ఉబ్బి ఉంటుంది. తడి మీదే అంటించేస్తే ఆరాక ముడుచుకుని పలకల మధ్య గీతలు తెరుచుకుంటాయి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా మొదటి బోటు జులైలో కట్టాను. సముద్రం ఇంటికి కిలోమీటరు కూడా లేదు, గోడలే చెమ్మగిల్లే కాలం. తొందరకొద్దీ తడి పలకల్ని, అదీ పక్కకి బలవంతంగా లాగి, చటుక్కున పట్టే గమ్‌తో అతికించేశాను. సాయంత్రానికి ఎంత ముచ్చటగా ఉందో. రాత్రి పదకొండింటికి టక్కుమని ఒక చప్పుడు, కాసేపటికి ఇంకొకటి. పొద్దున చూస్తే ముక్కు దగ్గర నాలుగు పలకలు లేచి నిలబడి ఉన్నాయి. అప్పటి నుంచి తెల్ల వడ్రంగి గమ్ తప్ప వాడలేదు. వానాకాలంలో ఆరడానికి డబ్బా మీద రాసినదానికి రెట్టింపు సమయం ఇస్తాను.

అంటించే వరస: డెక్ అంచు పలకతో మొదలు. ఎడమ ఒకటి, వెంటనే కుడి ఒకటి. ఒక పక్కే నాలుగైదు పూర్తి చేస్తే కీల్ అటు లాగేసి బోటు అరటిపండులా వంకర తిరుగుతుంది, దాన్ని సరిచేసే మార్గం లేదు. పై నుంచి అయిదు జతలు అయ్యాక కింద కీల్ పక్క పలక వేయండి. దాన్ని ముక్కు వైపు మరీ పైకి ఎక్కించకండి, మొదటి ఫ్రేము దగ్గరే ఆపేస్తే పై పలకలకి చోటు మిగులుతుంది. పొడవు చాలక రెండు ముక్కలు కలపాల్సివస్తే అతుకు ఫ్రేము మీదే పడాలి. అదే ఫ్రేము మీద ఇంకో అతుకు రావాలంటే మధ్యలో కనీసం మూడు పలకలు పోవాలి.

అన్నట్టు, 1933లో విశాఖ హార్బరు తెరవక ముందు ఓడలు దూరాన లంగరు వేస్తే సరుకు ఒడ్డుకి చేర్చింది మసూలా పడవలు. వాటికి ఫ్రేములే ఉండేవి కావు. పలకని పలకకి కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన గట్టి పడవ మన తీరం అలల దెబ్బకి విరిగేది, కుట్టిన పడవ కాస్త ఒదిగేది. ఫ్రేములూ, కాగితం పట్టీ లేకుండా ఆ ఆకారం ఎలా తెచ్చేవారో తలుచుకుంటే నా 14 లెక్క కాస్త చిన్నబోతుంది.

వరసలన్నీ పడ్డాక చిన్న సందులుంటే రంపపు పొట్టు గమ్‌లో కలిపి కూరేసి, ఆరాక రుద్దేయండి. ఈ పొర మీద అర మిల్లీమీటరు టేకు వెనీర్ (పల్చటి చెక్క రేకు) వస్తుంది, కాబట్టి అందం గురించి టెన్షన్ వద్దు. కళ్లు మూసుకుని వేలితో తడమండి. కంటికి దొరకని గుంత వేలికి దొరుకుతుంది, అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టండి. వచ్చే పాఠానికి ఆ సున్నాలన్నీ పోయిన బోటు కావాలి. వెనీర్ పట్టీలు 5 మిల్లీమీటర్ల వెడల్పుతో ఓ అరవై కోసి, పాత పుస్తకాల కింద పెట్టి ఉంచండి, చుట్టుకుపోకుండా.