వార్డులో వేధింపుల మీద ఫిర్యాదు ఎలా రాయాలి?

మీరు నర్సుగా పనిచేసేది అమలాపురంలో ఇరవై పడకల నర్సింగ్ హోమ్ అయినా, కాకినాడలో పెద్దాసుపత్రి అయినా పద్ధతి ఒకటే. కుట్టు వేసిన వంద పేజీల నోట్‌బుక్, నీలం బాల్‌పెన్ను కొనుక్కోండి. స్పైరల్ బుక్కు వద్దు, కాగితం చింపినా తెలీదు. పేజీలకు నంబర్లు వేసి, పుస్తకం ఇంట్లోనే ఉంచండి. వార్డులో ఏం జరిగినా డ్యూటీ దిగిన రోజే అందులో రాయాలి.

చిక్కంతా ఆ రాయడంలోనే ఉంది. “హెడ్ సిస్టర్ ఎప్పుడూ అవమానిస్తున్నారు” అని రాస్తే, పైవాళ్లు చదివి “సర్దుకుపోవాలమ్మా” అంటారు. అంతే, కాగితం బీరువాలోకి పోతుంది. ఇలా రాయండి (హ్యాండోవర్ అంటే డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించడం, క్యాన్యులా అంటే మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం):

“రాత్రి 8.10, మేల్ మెడికల్ వార్డు. హ్యాండోవర్ తీసుకుంటుంటే హెడ్ సిస్టర్ ‘క్యాన్యులా పెట్టడం కూడా రాదు, నిన్నెవరే పాస్ చేసింది?’ అన్నారు. 6వ బెడ్ తాలూకు ఇద్దరు, ఇంకో సిస్టర్ విన్నారు. 9వ బెడ్‌కి ఇన్సులిన్ ఇచ్చారా అని అడిగితే పలక్కుండా వెళ్లిపోయారు. చార్టులో సంతకం లేదు. డాక్టర్ గారికి ఫోన్ చేసి, షుగర్ చూసి ఇచ్చేసరికి 8.50.”

ఆ ‘నిన్నెవరే’లో ‘ఏ’ కూడా వదలొద్దు, మర్యాద చేసి రాయొద్దు. ఇన్సులిన్ ముక్క మాత్రం ఉండి తీరాలి. మీకు బాధ కలిగిందంటే కదలని మేనేజ్‌మెంట్, రోగికి ముప్పంటే కదులుతుంది.

రోగి పేరు రాయకండి. కేస్‌షీట్ ఫొటో తీశారో, తప్పు మీ మీదకే తిరుగుతుంది. హ్యాండోవర్ బుక్కులో ఈ గొడవ రాయకూడదు, అది రోగుల పుస్తకం. మీ నోట్‌బుక్‌లో పొరపాటు పడితే ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టాలి, వైట్‌నర్ పూయకూడదు. డ్రిప్పు స్పీడు తప్పని సీనియర్ విసురుగా చెబితే అది వేధింపు కాదు, దాన్ని ఇందులో కలిపితే మిగతావీ తేలిపోతాయి.

డ్యూటీ చార్టులు దాచుకోండి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రాత్రులూ మీకే పడ్డాయని ఒక్క ఏడాది చూపిస్తే యాదృచ్ఛికం అంటారు. రెండేళ్ల చార్టులు పక్కపక్కన పెడితే ఆ మాట అనలేరు.

ఫిర్యాదు ఒక్క పేజీ, మూడు నాలుగు సంఘటనలు, నర్సింగ్ సూపరింటెండెంట్ పేరున. రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు ఆఫీసులో వేసే నంబరు), తేదీ వేయించుకోండి. నోటితో చెప్పింది చెప్పనట్టే. అందరి సంతకాలతో అర్జీ పెడదామంటారు గానీ, పిలిచి అడిగేసరికి సగం మంది జారుకుంటారు. ఒంటి సంతకమే నయం. వాట్సాప్ గ్రూపులో పెట్టారంటే మీ మీదే ఎదురు ఫిర్యాదొస్తుంది.

లైంగిక వేధింపైతే దారి వేరు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం కింద, చివరి సంఘటన జరిగిన 3 నెలల్లోపు ఆసుపత్రిలోని అంతర్గత కమిటీకి ఇవ్వాలి. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోటైతే జిల్లాలోని స్థానిక కమిటీకి. కులం పేరుతో దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి.