ఇంట్లో బైక్ పార్ట్స్ బ్యాచ్ మొదలుపెట్టే ముందు

మన బండికి ఒక్క బ్రాకెట్ చేసుకునేటప్పుడు చూపంతా పనిమీదే ఉంటుంది. అదే బ్రాకెట్ నలభై చేయాల్సి వస్తే, పదిహేనో పీసుకల్లా చెయ్యి దానంతట అదే కదులుతుంది. దెబ్బలు తగిలేది అప్పుడే. అందుకే ఇవన్నీ మెషిన్ ఆన్ చేయకముందే చూసుకోండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం బ్రేక్ క్లీనర్ (జిడ్డు వదిలించే స్ప్రే) అంటే. కొన్ని రకాల్లో క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు ఉంటాయి. ఆ తడి ఆరని ముక్కని వెల్డ్ చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. పీల్చిన వెంటనే పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ముక్క ఆరినా గదిలో ఆ ఆవిరి మిగిలి ఉంటే ప్రమాదమే. డబ్బా మీద పెర్‌క్లోరోఇథిలీన్ లాంటి పేరు కనిపిస్తే వెల్డింగ్ చేసే చోటికి దాన్ని రానివ్వకండి. జిడ్డు పోవడానికి సబ్బునీళ్లు వాడి, బాగా ఆరబెట్టండి.

జింక్ పూత ఉన్న ముక్కలైతే వెల్డ్ పడే చోట పూత తీసేయాలి. లేకపోతే ఆ జింక్ పొగ పీల్చి రాత్రికి చలిజ్వరం ఖాయం అనుకోండి. వాడిన పెట్రోల్ ట్యాంక్ వెల్డింగ్ మాత్రం ఇంట్లో వద్దే వద్దు. ఖాళీగా కనిపించినా లోపలి ఆవిరి చాలు పేలడానికి.

ఇనుమునీ అల్యూమినియాన్నీ ఒకే బెంచ్ గ్రైండర్ మీద పట్టకండి. గ్రైండర్ రాయి సందుల్లో అల్యూమినియం పేరుకుని వేడెక్కిస్తుంది, రాయి పగిలే ప్రమాదం ఉంది. పైగా సన్నటి అల్యూమినియం రజను, తుప్పు పొడి కలిసిన చోట నిప్పురవ్వ పడితే తీవ్రమైన వేడితో మండుతుంది. ఆ మంట మీద నీళ్లు పోయకూడదు. చేతికందేంత దూరంలో ఒక బకెట్ పొడి ఇసుక పెట్టుకోండి.

యాంగిల్ గ్రైండర్ డిస్క్ మీద రాసిన ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు), మెషిన్ ఆర్‌పీఎం కంటే తక్కువ ఉండకూడదు. 4 అంగుళాల గ్రైండర్లు చాలావరకు నిమిషానికి 11,000 చుట్ల దగ్గర తిరుగుతాయి. గార్డు తీసేసి పని చేయకండి. డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర గ్లౌజులు వద్దు, బిట్‌కి చుట్టుకుంటే చెయ్యి కూడా లోపలికి పోతుంది. చిన్న ముక్కనైనా వైస్‌లో బిగించాకే రంధ్రం వేయండి.

ఇక ఆ పార్ట్ మీద కాలు పెట్టే మనిషి సంగతి. జిగ్ (ముక్కల్ని ప్రతిసారీ ఒకే చోట పట్టి ఉంచే బిగింపు) కొంచెం జరిగితే ఒక్కటి కాదు, నలభై పీసులూ తప్పే. మొదటి పీస్ బండికి బిగించి చూసేదాకా రెండోది మొదలుపెట్టకండి. ఆ తర్వాత ప్రతి పదో పీసునీ వెర్నియర్ కాలిపర్ (సన్నటి కొలతలు తీసే సాధనం)తో కొలవండి. పీస్ మీద బ్యాచ్ నంబర్ కొట్టండి, రేపు ఒకదానికి పగులు వస్తే మిగతావి ఎవరి దగ్గరున్నాయో తెలియాలి. 6061-టీ6 అనే రకం గట్టి అల్యూమినియాన్ని వెల్డ్ చేస్తే అతుకు పక్కన బలం బాగా తగ్గిపోతుంది, కాబట్టి ఫుట్‌పెగ్ (కాలు పెట్టుకునే కడ్డీ) లాంటి బరువు మోసేవాటికి ఆ పద్ధతి ఎంచుకోకండి. బ్రేకు, హ్యాండిల్, ఇరుసు భాగాల ఆర్డర్ వస్తే, పరీక్షించే సాధనాలు లేనంతవరకు వద్దని చెప్పేయండి. ఎంత డబ్బు ఇస్తామన్నా సరే.

పని ఆపాక వెంటనే తలుపు వేసి వెళ్లొద్దు. బల్ల కిందికి దొర్లిన రవ్వ నెమ్మదిగా రాజుకుంటుంది. కనీసం గంటసేపు అక్కడే ఉండి ఊడ్చుకోండి, మూలలు చూడండి, తర్వాత మెయిన్ స్విచ్ ఆపండి.