పొద్దున్నే ఫ్యూయల్ శాంపిల్ తీసేటప్పుడు

ఫ్లయింగ్ నేర్చుకుంటున్న మన కోనసీమ, భీమవరం తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వానాకాలం మనవైపు గాల్లో తేమ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, అలాంటి చోట సెస్నా 152 అనే చిన్న ట్రైనింగ్ విమానాన్ని సగం ట్యాంకుతో రాత్రంతా వదిలేస్తే లోపల ఖాళీ జాగాలో చెమ్మ పట్టి ఆ నీళ్లు ఫ్యూయల్‌లోకి దిగొచ్చు. సాయంత్రమే ట్యాంకులు నింపించేస్తే మంచిది, బరువు లెక్క మాత్రం చూసుకోండి. నీళ్లు అడుక్కి చేరతాయి కాబట్టి పొద్దున్నే విమానాన్ని కదపకముందే ఫ్యూయల్ బయటికి తీసే ప్రతి డ్రెయిన్ దగ్గరా కొంచెం కప్పులో పట్టి చూడాలి. ఈ విమానంలో పోసే పెట్రోలు, 100ఎల్ఎల్, లేత నీలంగా ఉంటుంది, నీళ్లుంటే కింద రంగులేని బొట్టులా కనిపిస్తాయి. కానీ కప్పు మొత్తం నీళ్లే వస్తే నీళ్లకీ ఫ్యూయల్‌కీ మధ్యలో కనిపించే గీతే ఉండదు, శుభ్రంగానే ఉందనిపిస్తుంది, అసలు ప్రమాదం ఇదే, అందుకే తెల్లటి రెక్కకి ఎదురుగా పట్టుకుని నీలం ఉందా లేదా చూడండి, వాసన కూడా చూడండి. ఎంత తీసినా నీళ్లే వస్తుంటే ఇంజినీర్‌ని పిలవండి, అప్పటిదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దు.