గుండెను ఆపి ఉంచిన వేళ కరోనరీ నాళాలను కాపాడటం ఎలా?

ఓపెన్ హార్ట్ సర్జరీలో గుండెను ఆపి ఉంచినంతసేపూ అందరి దృష్టీ కండరం మీదే ఉంటుంది. కానీ ఆ కండరానికి రక్తం అందించే కరోనరీ నాళాల లోపొర, అంటే ఎండోథీలియం, దెబ్బతింటే నాళాలు ముడుచుకుపోయి గుండె సరిగా పుంజుకోదు. నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసి నాళాన్ని సడలించి ఉంచేది ఆ పొరే. కాకినాడ, రాజమహేంద్రవరం ఆసుపత్రుల్లో కొత్తగా చేరే పెర్ఫ్యూజనిస్టుల (ఆపరేషన్‌లో గుండె-ఊపిరితిత్తుల యంత్రాన్ని నడిపేవారి) కోసం, థియేటర్ టెక్నీషియన్ల కోసం ఇది రాస్తున్నాను. మోతాదుల్లో మాత్రం మీ సర్జన్‌దీ, మత్తు డాక్టరుదీ తుది మాట.

గుండెను ఆపి ఉంచడానికి కరోనరీ నాళాల్లోకి పంపే ద్రావణం కార్డియోప్లీజియా. అందులో గుండెను ఆపేది పొటాషియం. ఆ రకాల్లో ఒకటైన సెయింట్ థామస్ ద్రావణంలో అది లీటరుకు 16 మిల్లీమోల్స్ ఉంటుంది. గుండె తొందరగా ఆగాలని దాన్ని పెంచుకుంటూ పోతే లోపొరకే హాని, కాబట్టి కలిపిన ప్రతి సీసానూ మరొకరి చేత సరిచూపించాలి. ఉష్ణోగ్రతను ఐసు తొట్టెలో కాక రోగి వైపు ప్రోబు దగ్గర చదవాలి. మన వేసవి ఉక్కలో ఏసీ కాసేపు ఆగినా ట్యూబులోని ద్రావణం వేడెక్కుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం పీడనం. అయోర్టా (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని) మొదట్లోంచి ద్రావణం పంపేటప్పుడు సాధారణంగా 60–80 మి.మీ. పాదరసం మధ్య ఉంచుతారు. ఉన్నట్టుండి పీడనం పెరిగితే ట్యూబు ఎక్కడైనా మడత పడిందేమో చూడాలి. ఎంతకీ పెరగకపోతే అయోర్టిక్ వాల్వు లీకవుతూ ద్రావణం ఎడమ జఠరికలోకి (గుండె కింది గదిలోకి) పోతోందేమోనని వెంటనే సర్జన్‌కు చెప్పాలి. నాళం బాగా పూడుకుపోయినచోట, కాలువ పైభాగంలో అడ్డుపడితే శివారు చేలకు నీరందనట్టే, అవతలి కండరానికి ద్రావణం చేరదు. అందుకే గుండె కండరం నుంచి రక్తాన్ని వెనక్కి తెచ్చే కరోనరీ సైనస్ గుండా వెనుక నుంచి కూడా పంపుతారు. అది పలుచని సిర కనుక పీడనం 40 దాటనివ్వకూడదు. అక్కడ పీడనం అసలు కనబడకపోతే కాన్యులా (ద్రావణం పంపే గొట్టం) కుడి కర్ణికలోకి, అంటే గుండె పై గదిలోకి జారిందనీ, ఒక్కసారిగా ఎగబాకితే మరీ లోతుకు పోయి ఇరుక్కుందనీ అనుమానించాలి.

బైపాస్ కోసం కాలి నుంచి తీసిన సిరకూ ఇదే జాగ్రత్త అవసరం. లీకులు వెతకడానికి సిరంజితో గట్టిగా ఉబ్బించకూడదు. ఉత్త సెలైన్‌లో నానబెట్టే కంటే బఫర్ (ఆమ్ల-క్షార సమతుల్యతను నిలిపే పదార్థం) ఉన్న ద్రావణంలోనో, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) కలిసిన రోగి రక్తంలోనో ఉంచడం మేలు.

అయోర్టాను మూసి ఉంచిన క్లాంపు తీసేముందు గుండెలో చిక్కిన గాలిని పూర్తిగా తొలగించాలి. తీసిన తొలి నిమిషాల్లో పీడనాన్ని తక్కువగా ఉంచి, తర్వాత మెల్లగా పెంచాలి. రోగి వెల్లకిలా ఉన్నప్పుడు కుడి కరోనరీ ద్వారం పైవైపుకు ఉంటుంది కాబట్టి మిగిలిన బుడగలు ఎక్కువగా అందులోకే పోతాయి. ఈసీజీలో రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్టీ భాగం లేచి, కుడి జఠరిక ఉబ్బితే గాలినే అనుమానించి, సర్జన్‌కు చెప్పి, ఆ బుడగలు ముందుకు సాగిపోయేలా పెర్ఫ్యూజన్ పీడనాన్ని కాసేపు పెంచి, గుండె తేరుకునేదాకా పంపు ఆపకుండా నడపాలి.