పాత అడవి మ్యాపులో బాట పొడవు కొలవాలంటే దారం చాలు

నల్లమల పాత సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులు అంగుళానికి మైలు లెక్కన ఉంటాయి. స్కాన్‌ని ప్రింట్ తీస్తే సైజు మారి ఆ లెక్క పనికిరాదు. కాలిబాటలేమో అన్నీ వంకర్లే.

పూలు కట్టే దారం ఒక మూర తడిపి గట్టిగా పిండండి. బాట చుక్కల మీదే వేలితో అదుముతూ పరచండి. మొదలు, చివర పెన్నుతో గుర్తు పెట్టి, దారాన్ని తిన్నగా చాపి, మ్యాపు ఎడమ అంచున ఉండే అక్షాంశ గుర్తుల పక్కన పెట్టి చూడండి. అక్కడ 5 నిమిషాల (నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు) అక్షాంశం అంటే సుమారు 9.2 కిలోమీటర్లు, ప్రింట్ ఏ సైజైనా సరే. పై అంచు మీద కొలవకండి, అక్కడుండేవి రేఖాంశాలు, 5 నిమిషాలకు 8.9 కిలోమీటర్లే.

ఎక్కుడు దిగుడు ఇందులో రావు. కృష్ణ ఒడ్డు బాటలైతే కొలిచీ లాభం లేదు, చాలావరకు శ్రీశైలం రిజర్వాయరులో మునిగిపోయాయి.