వేలంలో కొన్నది నిరాశపరిచిందా? ఫీడ్‌బ్యాక్ ఏం పెట్టాలో తేల్చుకోవడం ఎలా

బిడ్ మీద బిడ్ వేసి, ఆఖరి నిమిషం దాకా స్క్రీన్ ముందు నుంచి కదలకుండా కూర్చుని గెలిచారు. రోజుల తరబడి ఎదురుచూశాక పెట్టె వచ్చింది. విప్పి చూస్తే ప్రాణం ఉసూరుమంది. సైటేమో అప్పుడే అడుగుతోంది, పాజిటివా, న్యూట్రలా, నెగటివా అని. ఆ బటన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఎక్కడ తేడా వచ్చిందో తేలాలి. వస్తువులోనా, అమ్మినవాళ్ల తీరులోనా, దారిలో రవాణాలోనా, లేక మనం సరిగ్గా చదవకపోవడంలోనా? దేని మందు దానిదే. నియమాలూ గడువులూ ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటు పద్ధతి ప్రకారం చెప్తున్నాను. మీరు వేరే సైటులో కొని ఉంటే అక్కడి సహాయం పేజీ ఒకసారి చూసుకోండి.

సమస్య: లిస్టింగులో (అమ్మకానికి పెట్టిన పేజీలో) ఒకటి రాశారు, పెట్టెలో ఇంకొకటి ఉంది

నేనొక పాత ఫిల్మ్ కెమెరా వేలంలో గెలిచాను, 50 ఎం.ఎం. లెన్సుతో సహా. గ్లాస్ క్లియర్‌గా ఉందని లిస్టింగులో రాశారు. చేతిలోకి తీసుకుని పైపైన చూస్తే నిజంగానే బాగుంది. తర్వాత లెన్సు విప్పి, అపర్చర్ (వెలుతురు వెళ్లే రంధ్రం) మొత్తం తెరిచి, వెనక వైపు నుంచి ఫోన్ టార్చ్ ఏటవాలుగా కొట్టి చూశాను. లోపలి గ్లాసు అంచున సాలెగూడు లాంటి సన్నటి తెల్లటి పోగులు, ఒకదాంట్లోంచి ఇంకొకటి కొమ్మలేసుకుంటూ కనిపించాయి. ఫంగస్. మామూలుగా ముందు నుంచి తీసిన ఫోటోలో అది పడే అవకాశమే లేదు.

కారణం రెండు రకాలుగా ఉంటుంది. తెలిసి దాచారు, లేదా తెలియక రాశారు. ఈ రెండూ విడదీయకుండా ఫీడ్‌బ్యాక్ పెడితే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. వాళ్ల మిగతా లిస్టింగులు తెరిచి చూడండి. పాత లెన్సులే ఇరవై అమ్ముతున్న మనిషికి ఫంగస్ అంటే తెలియదంటే నేను నమ్మను. కుర్చీ, కుక్కరు, బొమ్మలు, వాటి మధ్య ఒకే ఒక్క కెమెరా ఉంటే అది ఇల్లు సర్దుకుంటున్న మనిషి వ్యవహారం, తెలియకపోయి ఉండొచ్చు. ఫోటోలు కూడా మళ్లీ చూడండి. అన్ని వైపుల నుంచీ తీసి, పగులు ఉన్న ఆ ఒక్క మూల మాత్రమే లేకపోతే అది ఊరికే జరగదు. బ్యాటరీ వేస్తే తెలిసిపోయే దానికి "టెస్ట్ చేయలేదు" అని రాసినా అనుమానించాల్సిందే.

ఏం చేయాలంటే, ముందు మెసేజ్ పెట్టండి, అది కూడా సైటు లోపలి మెసేజ్‌లోనే. ఫోన్లో మాట్లాడుకుంటే రేపు గొడవైతే చూపించడానికి ఏమీ మిగలదు. నేను రాసింది ఇంతే: "లెన్సు లోపల ఫంగస్ ఉంది, రెండు ఫోటోలు పంపుతున్నాను. లిస్టింగులో గ్లాస్ క్లియర్ అని ఉంది. వెనక్కి తీసుకుంటారా?" తిట్టు లేదు, ఫీడ్‌బ్యాక్ ఊసు అసలే లేదు. ఆ ఊసు ఎత్తకూడదు కూడా. లిస్టింగులో లేనిదేదో ఇవ్వమని, లేకపోతే నెగటివ్ పెడతానని బెదిరించడం ఈబేలో నిబంధనలకు విరుద్ధం. న్యాయం మీ వైపే ఉన్నా ఆ ఒక్క వాక్యంతో మీ కేసు బలహీనపడుతుంది.

గడువులు గుర్తుపెట్టుకోండి. మనీ బ్యాక్ గ్యారంటీ (కొన్నవాళ్లకి ఈబే ఇచ్చే డబ్బు వాపసు హామీ) కింద రిటర్న్ అడగడానికి డెలివరీ నుంచి 30 రోజులు. అమ్మినవాళ్లు జవాబివ్వడానికి 3 పనిదినాలు, ఆ తర్వాత ఈబేని కలగజేసుకోమని అడగొచ్చు. ఫీడ్‌బ్యాక్‌కి మాత్రం 60 రోజులుంది. అంటే డబ్బు సంగతి తేలాక, కోపం చల్లారాక రాయడానికి కావాల్సినంత టైముంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, మొదటి రోజే నెగటివ్ పడేసి, ముప్పై రెండో రోజున రిఫండ్ అడుగుతారు.

నాకు కెమెరా అమ్మినావిడ మర్నాడు పొద్దున్నే జవాబిచ్చింది. అది వాళ్ల మామగారి కెమెరా అట, లెన్సు లోపల అలా చూడాలనే తెలియదట. రిటర్న్ ఖర్చు తనే పెట్టుకుని మొత్తం డబ్బు వెనక్కి ఇచ్చింది. నేను పాజిటివ్ పెట్టి ఇలా రాశాను: "లెన్సులో ఫంగస్ ఉంది, లిస్టింగులో రాయలేదు. చెప్పిన మర్నాడే ఒప్పుకుని, రిటర్న్ ఖర్చు భరించి పూర్తి డబ్బు ఇచ్చారు." దానితో పాటు విడిగా ఇచ్చే స్టార్లలో, వివరణ సరిగ్గా ఉందా అనే చోట తగ్గించాను. ఆ స్టార్లు ఎవరు ఎన్ని ఇచ్చారో అమ్మినవాళ్లకి తెలియదు, సగటు మాత్రమే కనిపిస్తుంది.

అలాగని రిఫండ్ ఇస్తే చాలు, అన్నీ మాఫీ అనుకోకండి. తెలిసి దాచేవాళ్లలో ఒక పద్ధతి ఉంటుంది. పట్టుకున్నవాళ్లకి మారు మాట్లాడకుండా డబ్బిచ్చేస్తారు, పట్టుకోలేనివాళ్ల దగ్గర ఉంచుకుంటారు. పాత ఫీడ్‌బ్యాక్‌లో "లోపం రాయలేదు, కానీ రిఫండ్ ఇచ్చారు" అన్న మాట మూడు నాలుగుసార్లు కనిపిస్తే, మీకు మొత్తం డబ్బు తిరిగొచ్చినా సరే, నెగటివ్ పెట్టండి. టార్చ్ కొట్టి చూడాలని తెలియని మనిషి మీ తర్వాత అక్కడే కొంటాడు.

సమస్య: లోపం ఉంది, కానీ లిస్టింగులో కూడా ఉంది

వివరణ చివర్లో చిన్నగా "విడిభాగాల కోసం" అని, అంటే పనిచేయదని, ఉంటుంది. లేదా నాలుగో ఫోటోలో గీత స్పష్టంగా కనిపిస్తుంది. బిడ్డింగు వేడిలో మనం చూడలేదు. 1995లో ఈబే మొదలైన కొత్తలో అమ్ముడైన మొదటి వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్. పాడైందని తెలిసే కొన్నారా అని ఈబే స్థాపకుడు పియర్ ఒమిడ్యార్ కొన్నాయన్ని అడిగితే, అలాంటివే సేకరిస్తానని జవాబొచ్చింది. పాడైన వస్తువు అమ్మడంలో తప్పు లేదు, పాడైందని చెప్తే చాలు. వాళ్లు చెప్పారు, మనం చదవలేదు, కాబట్టి ఇక్కడ నెగటివ్ పెట్టే హక్కు మనకి లేదని నా గట్టి అభిప్రాయం. చెప్పారు గానీ కావాలనే మసగ్గా చెప్పారనిపిస్తే న్యూట్రల్ పెట్టి, ఏ మాట దగ్గర పొరబడ్డారో రాయండి. మీలాగే పొరబడబోయేవాళ్లకి పనికొస్తుంది.

సమస్య: ఆలస్యంగా వచ్చింది, లేదా పగిలి వచ్చింది

ట్రాకింగ్ తెరవండి. డబ్బు కట్టిన రోజుకీ, కొరియర్ చేతికి పార్శిల్ అందిన రోజుకీ మధ్య ఎంత గ్యాప్ ఉందో అదే అమ్మినవాళ్ల లెక్క. అక్కడి నుంచి మీ గుమ్మం దాకా పట్టింది కొరియర్ లెక్క. లేబుల్ తయారైన తేదీని పంపిన తేదీ అనుకోకండి, లేబుల్ వేసి వారం పాటు బల్ల మీద ఉంచేవాళ్లున్నారు. పగిలితే మాత్రం ప్యాకింగ్ చూడాలి. గాజు వస్తువుని ఒక్క పొర కాగితంలో చుట్టి, ఊపితే గడగడలాడే పెట్టెలో పెట్టి పంపితే అది వాళ్ల తప్పే. రెండు పెట్టెలు వేసి, నాలుగు వైపులా బబుల్ ర్యాప్ కుక్కినా పగిలిందంటే దానికి వాళ్లని దండించడం ధర్మం కాదు. ఎటైనా ముందు పెట్టెనీ లోపలి ప్యాకింగునీ ఫోటో తీసి ఉంచండి, పారేశాక చూపించడానికేమీ ఉండదు.

సమస్య: వస్తువు బాగానే ఉంది, ధర ఎక్కువ పెట్టాననిపిస్తోంది

వేలంలో గెలిచేది తరచుగా అందరికంటే ఎక్కువ అంచనా వేసుకున్న మనిషే. సముద్రంలో చమురు లీజుల వేలాల గురించి 1971లో కొందరు పెట్రోలియం ఇంజనీర్లు ఇదే రాశారు, గెలిచినవాడి శాపం అని దీనికి పేరు. అమ్మినవాళ్లకి దీంతో సంబంధం లేదు, పాజిటివ్ పెట్టేయండి. వాళ్ల మనిషే బిడ్ వేసి ధర పెంచాడని అనుమానముంటే సైటుకి రిపోర్ట్ చేయండి. రుజువు లేకుండా ఆ మాట ఫీడ్‌బ్యాక్‌లో రాయకండి.

సమస్య: జవాబు లేదు, లేదా "ముందు పాజిటివ్ పెట్టండి, తర్వాత రిఫండ్ ఇస్తా" అంటున్నారు

రెండో రకంతో జాగ్రత్త. పాజిటివ్ పెట్టాక డబ్బు వస్తుందన్న గ్యారంటీ ఏమీ లేదు. పెట్టిన దాన్ని మీ అంతట మీరు మార్చుకోలేరు కూడా. ఫీడ్‌బ్యాక్‌కి రిఫండ్‌ని ముడిపెట్టడం అమ్మేవాళ్లకి కూడా నిషేధమే. ఆ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి, రిటర్న్ కేసు తెరిచి, రిపోర్ట్ చేయండి. కేసు తేలాక నెగటివ్ పెట్టండి, ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు. అసలు జవాబే ఇవ్వనివాళ్లకీ అంతే. వస్తువులో లోపాన్ని క్షమించొచ్చు గానీ, డబ్బు తీసుకుని మొహం చాటేస్తే క్షమించలేం.

సమస్య: నెగటివ్ పెట్టాలంటే భయం, లేదా జాలి

భయం పాత రోజుల నాటిది. అప్పట్లో అమ్మినవాళ్లు తిరిగి మనకి నెగటివ్ పెట్టేవాళ్లు. 2008 నుంచి ఈబేలో అమ్మేవాళ్లు కొన్నవాళ్లకి పాజిటివ్ తప్ప ఇంకేమీ పెట్టలేరు. ఆ మొహమాటం మాత్రం ఇంకా పోలేదు. తొలి రోజుల ఈబే లావాదేవీల మీద జరిగిన ఒక పరిశోధనలో, కొన్నవాళ్లలో సగానికి కాస్త ఎక్కువ మందే ఫీడ్‌బ్యాక్ పెట్టారు, అందులో 99 శాతం పాజిటివ్. అంతమంది సంతోషంగా ఉన్నారని కాదు, నిరాశపడినవాళ్లలో చాలామంది నోరు మెదపలేదని నాకనిపిస్తుంది.

జాలి వేరు, దానికి విలువ ఇవ్వాలి. 40 ఫీడ్‌బ్యాక్‌లున్న చిన్న అమ్మకందారుకి ఒక్క నెగటివ్ పడితే 100 శాతం కాస్తా 97.6కి దిగుతుంది. 20,000 ఉన్నవాళ్లకి అది కంటికి కూడా ఆనదు. అందుకే చిన్నవాళ్లకి సరిదిద్దుకునే అవకాశం పూర్తిగా ఇచ్చి చూస్తాను. సరిదిద్దనంటే చిన్నవాళ్లని వదిలేయను. న్యూట్రల్ ఎప్పుడంటే, సగం సగం పరిష్కారమైనప్పుడు: కొంత డబ్బు వచ్చింది, కానీ నాలుగు మెసేజ్‌లు పెడితే గానీ రాలేదు, అలాంటప్పుడు.

ఏం రాయాలో తోచకపోతే

మూడు ముక్కలు రాయండి. ఏం చెప్పారు, ఏం వచ్చింది, అడిగాక ఏం చేశారు. "దొంగ, మోసం, కొనకండి" అని రాస్తే చదివినవాళ్లకి మీ కోపం తప్ప ఏమీ తెలియదు. "గడియారం నడుస్తుందని రాశారు, రెండు గంటలకోసారి ఆగిపోతోంది, మూడు మెసేజ్‌లకి జవాబు లేదు, సైటు ద్వారా డబ్బు వచ్చింది" అని రాస్తే అన్నీ తెలుస్తాయి.

పెట్టేశాక అమ్మినవాళ్లు దిగొచ్చి అంతా సరిచేస్తే, ఫీడ్‌బ్యాక్ మార్చమని సైటు ద్వారా మీకో రిక్వెస్ట్ పంపగలరు. ఒప్పుకోవాలా వద్దా అనేది మీ ఇష్టం, ఆలోచించుకోవడానికి 10 రోజులుంటుంది. డబ్బు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే ఒప్పుకోండి. రేటింగ్ మార్చినా, మొదట ఏం జరిగిందో ఆ ఒక్క ముక్క కామెంట్‌లో ఉంచేయండి.