ఢిల్లీలో లా ఇంటర్న్‌షిప్‌ చెయ్యాలంటే డబ్బులెలా సర్దుకోవాలి

ఐదేళ్ల లా వాళ్లకి మొత్తం 20 వారాలు, మూడేళ్ల వాళ్లకి 12 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలని లా చదువుకి రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ రూల్ కదా, దాంతో ఫస్టియర్ నుంచే అందరూ ఢిల్లీ ఢిల్లీ అంటారు గానీ అన్నీ అక్కడే చెయ్యాలని రూల్లో ఎక్కడా లేదు. మొదట్లోవి ఇంటిదగ్గరే కానిచ్చెయ్యండి, పేదలకి ఉచితంగా న్యాయసాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థలోనో, ఊళ్లో కోర్టుకెళ్లే లాయర్ గారి దగ్గరో. ఇంటి తిండి, బస్ పాస్, అంతే ఖర్చు. అలా మిగిల్చి ఢిల్లీకి ఒక్కసారే, మంచి చోటుకే వెళ్లండి.

డబ్బులిచ్చే వాటిలో విదేశాంగ శాఖది బెస్ట్. 2022 పాలసీ ప్రకారం నెలకి 10,000, పైగా రానూపోనూ ఎకానమీ ఫ్లైట్ ఛార్జీ, రూమ్ మాత్రం మనమే చూస్కోవాలి. డిగ్రీ అయిపోయినవాళ్లకి, లేదా కోర్సులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయితే ఫైనలియర్ వాళ్లకి. లా కోర్సులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరే, కాబట్టి ఆ సంగతి కాలేజీ లెటర్లో స్పష్టంగా రాయించుకోండి. న్యాయ శాఖలో లీగల్ అఫైర్స్ డిపార్ట్‌మెంట్ నెలకి 5,000 ఇస్తుంది. నీతి ఆయోగ్ అయితే సున్నా, పేరు చూసి ఎగిరిపోయి తర్వాత లబోదిబోమన్నోళ్లని చూశా.

అసలు చిక్కేంటంటే ఈ స్టైపెండ్ చేతికొచ్చేది సాధారణంగా పని అయ్యాకే, ఒక్కోసారి ఇంకా లేటు, మా ఫ్రెండుకి రెండు నెలలు పట్టింది. పీజీ హాస్టల్ వాడు అడ్వాన్స్ ముందే అడుగుతాడు, స్టైపెండ్ వచ్చాక ఇస్తానంటే వినడు. అందుకే ఒక నెల రెంటు, అడ్వాన్సు, తిరుగు టికెట్ డబ్బులు చేతిలో ఉంటేనే బయల్దేరండి, స్టైపెండ్‌ని లెక్కలో వేస్కోకండి.

పీఎం ఇంటర్న్‌షిప్ స్కీమ్‌లో నెలనెలా డబ్బులు వస్తాయట కదా అని చాలామంది అడుగుతున్నారు. 2024లో అది పెట్టినప్పుడు నెలకి 5,000 అన్నారు, ఫుల్‌టైమ్ చదివేవాళ్లకి కాదన్నారు, ఇప్పుడెలా ఉందో చూస్కున్నాకే ఆశ పెట్టుకోండి. నేషనల్ లా యూనివర్సిటీలో చదువుతూ ఇంట్లో నిజంగా ఇబ్బందిగా ఉంటే లా చదివే పేద పిల్లలకి సాయపడే ఐడియా (IDIA) అనే ట్రస్ట్ ఉంది, లా ప్రొఫెసర్ షమ్నాద్ బషీర్ గారు మొదలుపెట్టింది, సిగ్గుపడకుండా రాయండి.

రూముకి సీనియర్ల వాట్సాప్ గ్రూపే దిక్కు, సెలవులకి ఇంటికెళ్లే వాళ్ల బెడ్ ఒక నెలకి దొరికితే అడ్వాన్స్ గొడవే ఉండదు. తిండికి బెంగపడకండి, పప్పన్నం మీద మనసు లాగితే ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉండనే ఉంది, కాకపోతే ఆదివారం బిర్యానీకి క్యూ చూస్తే కోర్టు వాయిదాలే నయం అనిపిస్తది.